రాయి పడిపోయింది

నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కిడ్నీలో రాయికి ఆపరేషన్ చేయించుకుందామని చేరిన రుద్రవరం రైతు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బిల్లుల కౌంటరుకు వెళ్లిన భార్య అప్పుడే తిరిగొచ్చింది.

"ఏమన్నారు?"

"ఇన్సూరెన్స్ రాదంట. రాయి దానంతట అదే పడిపాయె కదా, ఇంక ఆపరేషన్ లేదు. ఉత్త పరీక్షలకని చేరినట్టు లెక్కంట. స్కానింగు, రూము, డాక్టర్ ఫీజు అంతా మనమే కట్టాలంట."

"కోసింటే వాళ్లు కడతారు, కోయకుంటే మనం కట్టాల్నా? ఇదేం న్యాయం?"

"నన్నడుగుతావేందప్పా?"

"నిన్నే అడగాల. కత్తి పడకుండా రాయి పోవాలని చర్చిలో అందరితో ప్రార్థన చేయించింది ఎవరు?"

"నేనే. దేవుడు విన్న్యాడు."

"ఇంటికాడ ఉన్నప్పుడే వినింటే ఈ బిల్లే ఉండేది కాదు కదా! ఈడ పరీక్షలన్నీ అయినాంక విన్న్యాడు."

"నోటికొచ్చినట్టు మాట్లాడాకు. ఆదివారం చర్చిలో అందరి ముందర నేను సాక్ష్యం చెప్పాల."

"రాయి పోయిందని చెప్పు. బిల్లు సంగతి ఎత్తాకు, ఎత్తితే ఇంకెవురూ ప్రార్థన చేయించుకోరు. ఇంతకీ ఏం చేద్దాం? మోటారుకని దాచిన శనగల దుడ్లు కట్టేద్దామా?"

"కట్టేద్దాం. నెల నుంచి నువ్వు నొప్పికి అరుస్తాంటే నేను కన్ను మూయలే. రాత్రి నువ్వు గురక పెడతాంటే ఎంత హాయిగా ఉండిందో! దానికి ఎంతిచ్చినా తక్కువే."

"మెల్లగా అనుమే, నర్సు ఈడే ఉంది. ఆ గురక కూడా బిల్లులో రాస్తారు."