షూలేసు ముడి

ఆ పీట కాదురా క్రాంతీ, ఇది లాక్కుని కూర్చో. ఊరికి ఆ చివర కటవారియా సరాయ్ నుంచి ఈ చివర ఇందిరాపురం దాకా బస్సులు మారి వచ్చావు, ముందు తిను. ఆ పీటా? అది కాంతమ్మ వదినది. మూడో అంతస్తులో ఉండేది, పాపం పోయి చాన్నాళ్లయింది. గొంతెత్తిందంటే కింద గార్డు లేచి నిలబడేవాడు. కూరలబ్బాయితో తెలుగులోనే బేరమాడేది, వాడు హిందీలో ఒప్పుకునేవాడు. అదేం విడ్డూరమో!

ఆఁ, ఏం చెప్తున్నా? పీట. ఇక్కడ సగం అపార్టుమెంట్లకి ఇంకా రంగులే పడని రోజులు. మా ఎదురింటి మైథిలి మొగుడితో విడిపోయి, కూతుర్ని పెట్టుకుని, తన ఉద్యోగంతోనే ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి పీటల మీద దంపతులుండాలన్నారు పంతులుగారు. సరేనని హైదరాబాదు నుంచి అన్న కేశవరావు, వదిన సరోజ పట్టుబట్టలతో దిగారు. మైథిలి వంటింట్లోకి పోయి అల్లం తరుగుతూ నిలబడింది. తన ఇల్లు, తను వంటింట్లో! కాంతమ్మ వదినకి ఒళ్లు మండిపోతోంది. శుభకార్యం, నోరెలా తెరుస్తుంది? తన పీటలే తెచ్చి వేసి, పాలగిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఇంతలో మైథిలి కూతురు సాత్విక, ఏడేళ్లది, గబగబా వచ్చి ఓ పీట ఎక్కేసింది. "లే అమ్మడూ, అక్కడ మామయ్య కూర్చోవాలి" అంది సరోజ. అది కదిలితేనా! "మామయ్యా, ఆప్ కా ఘర్ తో హైదరాబాద్ మే హై నా?" మీ ఇల్లు హైదరాబాదులో కదా అని పిల్ల అనేసరికి కేశవరావు పంచె సర్దుకున్నాడు. "అది కాదే, నాన్న ఉంటే నాన్న కూర్చునే చోటది" అంది సరోజ మళ్లీ. "నాన్న పుణేలో ఉన్నారుగా, సండే ఫోన్ చేస్తారు" అంది పిల్ల, పాలవాడు రేపొస్తాడన్నంత మామూలుగా.

ఇహ ఆగలేదు కాంతమ్మ వదిన. "పంతులుగారూ! పీటలు రెండు, ఈ ఇంట్లో ఉండేవాళ్లూ ఇద్దరే. ఇంకేం కావాలండీ? మైథిలీ, ఆ అల్లం అవతల పారేసి రా!" పంతులుగారు కేశవరావు వంక, కేశవరావు సరోజ వంక చూసుకున్నారు. చివరికి ఆ అన్నే, "రామ్మా, కూర్చో" అన్నాడు.

మరి కొంగుముడి? పంతులుగారు పుస్తకం తిరగేస్తుంటే ఆ పిల్ల తన గౌను బెల్టూ అమ్మ కొంగూ కలిపి తనే ముడేసేసింది. అమ్మకి పొద్దున్నే ఆఫీసు కదా, షూలేసులు తనే కట్టుకోడం నేర్చుకుంది. ఏం ముడిరా అది! పూజయ్యాక పంతులుగారు లాగారు, రాలేదు. కాంతమ్మ వదిన గోళ్లతో పీకింది, పళ్లతో కొరికింది. ఊహూఁ. కత్తెర అనగానే పిల్ల గుడ్లురిమింది. మైథిలి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "ఉండనివ్వండి ఆంటీ" అంది. ఇహ చూడూ, తల్లి వడ్డిస్తుంటే పిల్ల వెనకాలే, పిల్ల బాత్రూముకి పోతే తల్లి తలుపు బయట!

సాయంత్రం ఆడుకోడానికి రమ్మని కింద నుంచి పిల్లల కేక, "సాత్వికా, ఖేల్నే ఆజా!" అని. "మమ్మీ, అభీ ఆయీ" అంటూ అది రెండు వేళ్లతో ఓ కొస లాగింది. సర్రున ఊడింది ముడి. చెప్పులైనా లేకుండా పరుగు! మైథిలి ఆ నలిగిన కొంగు నిమురుకుంటూ ఉండిపోయింది. పొద్దున్నించీ దవడ పట్టుకు తిరుగుతున్న కాంతమ్మ వదిన, మైథిలి పక్కన ఆ పీట మీదే కూలబడి... ఏమందనుకున్నావ్? ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా కూర్చోడం నేను చూసింది ఆ ఒక్కసారే.

...పప్పు చల్లారిపోతోందిరా. నెయ్యేసుకో.