ఏ గ్రూపని అడిగాను

హలో… ఆ వదినా, నేనే… నేనేనమ్మా, గొంతు మారిందా? ఏం లేదు, మెట్ల మీద కూర్చున్నాను. ఇక్కడ గాలి ఆడట్లేదు, అంతే…

ఆసుపత్రి మెట్లు…

అయ్యో, కాదు కాదు! మీ తమ్ముడికి ఏం కాలేదు. నిక్షేపంలా ఉన్నాడు. పొద్దున్నే డయాలసిస్‌కి దింపే వచ్చాను. ఈపాటికి ఆ మంచం మీద పడుకుని నర్సుతో ఏదో వాదన పెట్టుకుని ఉంటాడు… కూర్చో వదినా, కూర్చుని మాట్లాడు. అసలే నీకు షుగరు. నువ్వు కూడా పడితే నేను ఇంకొకళ్ళని మోయలేను.

ఇది వేరే ఆసుపత్రి… దెబ్బలు తగిలినవాళ్ళని తెస్తారే, ఆ పెద్దది.

నాకూ ఏం కాలేదు!… ఒక్క మాట చెప్పనీ తల్లీ. ఇవాళ మీ తమ్ముణ్ణి నువ్వే వెళ్ళి ఇంటికి తీసుకురావాలి… ఆ, రెండింటికి. సూదులు తీశాక కాసేపు అక్కడే కూర్చోబెట్టు, లేవగానే కళ్ళు తిరుగుతాయి. "నేను బానే ఉన్నా" అంటాడు, నమ్మకు. దార్లో అరటిపండు కొనమని గారాలు పోతాడు, కొనకు, ఆ కిడ్నీలకి పడదు…

నేను రాలేను. అదే చెప్తున్నా, ఉండు.

మా కుట్టు షాపు ఎదురుగా మేడకి రంగులు వేస్తున్నారని చెప్పానా?… ఆ, తాళ్ళకి కట్టిన చెక్క మీద కూర్చుని వేస్తాడే, ఆ పెయింటరు. నేను రంగులాయన అంటాను. రోజూ మన షాపుకొచ్చి నీళ్ళు తాగుతాడు. "అక్కా, ఒక డబ్బా మిగిలిస్తాను, మీ షాపు గోడ కూడా ఓ చూపు చూద్దాం, మరీ ముసలిదైపోయింది" అంటాడు.

పడ్డాడు వదినా. మూడో అంతస్తు నించి.

…కళ్ళారా చూళ్ళేదు. చొక్కా కాలరు కుడుతున్నాను, చప్పుడైతే తలెత్తాను. రంగు డబ్బా పడిందనుకున్నాను ముందు… తాడు ముడి జారిందట.

ఉన్నాడు, ఊపిరి ఉంది. తలకి దెబ్బ. లోపల ఆపరేషన్ చేస్తున్నారు… ఏమో, ఇంకా ఏం చెప్పలేదు.

ఇంకెవరు? జనమంతా చుట్టూ మూగి ఫోన్లు పట్టుకుని నించున్నారు. నేనే వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. అంబులెన్సు కూడా నేనే ఎక్కాను…

మెచ్చుకోకు.

వదినా, మెచ్చుకోవద్దంటున్నానా!… స్తోత్రం అనకు. ఇంకోసారి స్తోత్రం అన్నావంటే ఫోను పెట్టేస్తాను…

లేదు, కోపం నీ మీద కాదు. సారీ… నీ మీద కాదు.

ఎలా చెప్పాలో తెలీట్లేదు. పాస్టర్‌గారికి చెప్పలేను. మీ తమ్ముడికి అసలే చెప్పలేను. నువ్వైతే తిడతావు, తిట్టినా రేపు మళ్ళీ మాట్లాడతావు. అందుకే నీకు చేశాను… ఊఁ. విను.

అంబులెన్సు కదిలింది. లోపల నేనూ, రంగులాయనా, ఆయన బావమరిదీ. బావా బావమరుదులిద్దరూ కలిసే పని చేస్తారు. ఆయన ముఖం మీద పసుపు రంగు చుక్కలు ఇంకా ఆరను కూడా లేదు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. చెయ్యి పట్టుకునే… ఆ బావమరిదిని అడిగాను.

"ఏ గ్రూపు బాబూ" అని.

…రక్తం గ్రూపు.

…అడుగుతారు. అందరూ అడుగుతారు, నిజమే. నువ్వు అనుకున్నట్టే అతనూ అనుకున్నాడు. పాపం రక్తం ఇద్దామని అడుగుతోందనుకున్నాడు. "ఓ పాజిటివ్ అక్కా" అన్నాడు.

వదినా, నేను అడిగింది రక్తం కోసం కాదు.

…

…ఉన్నావా?

…అర్థమైందిగా. మళ్ళీ నా నోటితో చెప్పించకు.

అదే. మీ తమ్ముడిదీ అదే గ్రూపు. ఆ మాట వినగానే నా లోపల ఏదో తేలికైంది వదినా. నెత్తి మీద బిందె ఎవరో అందుకున్నట్టు. ఒక్క క్షణమే అనుకో… కానీ మనిషి చెయ్యి నా చేతిలో ఉంది. వెచ్చగా ఉంది. నేనేమో లోపల చూసుకుంటున్నాను… ముదురు వయసేం కాదు, తాగే మనిషిలా లేడు, బీపీ కూడా ఉండదు…

కాదు! నన్ను వెనకేసుకు రాకు.

అవన్నీ నాకు తెలుసు. వరసలో మన ముందు ఎంతమందో ఉన్నారు. ఈయన పోయినా… చూశావా, ఎంత సులువుగా వచ్చేసిందో మాట! ఏం జరిగినా, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, డాక్టర్లు చూడాలి, అది మన దాకా వస్తుందనే లేదు. అన్నీ తెలుసు. తెలిసీ అడిగాను. ఆలోచించి అడిగింది కాదు, నోరు దానంతటదే అడిగేసింది. అదే భయంగా ఉంది నాకు.

…ఇంకా ఉంది. వాళ్ళావిడ వచ్చింది.

నా ఈడే… ఏదో హోటల్లో గిన్నెలు తోముతుందట. పనిలోంచి లేచి అలాగే వచ్చేసింది, మోచేతుల దాకా సబ్బు తడి. ఆ బావమరిది చెప్పేశాడు, "ఈ అక్కే తీసుకొచ్చింది, రక్తం కూడా ఇస్తానంది, గ్రూపు అడిగింది" అని. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది వదినా.

నా చేతులు.

…ఏమంటాను? దొంగలా నించున్నాను. "కాదమ్మా, నీ మొగుడి కిడ్నీ మీద కన్నేసి అడిగాను" అని ఎలా చెప్పను?

…ఇచ్చాను. రక్తం ఇచ్చే వచ్చాను. నాది మీ తమ్ముడికి పనికిరానట్టే ఆయనకీ పనికిరాదు, అయినా ఇంకెవరికైనా ఎక్కిస్తారట, బదులుగా ఆయనకి కావలసింది వాళ్ళ దగ్గర్నించి ఇస్తారట. సూది గుచ్చుతుంటే నాకు హాయిగా ఉంది. ఇంకాస్త గట్టిగా గుచ్చితే బాగుండుననిపించింది… ఇస్తే పోతుందా అది? పోలేదు.

…జ్యూసు తాగాన్లే, వాళ్ళే ఇచ్చారు.

వదినా, ఒకటి అడుగుతాను. ఇవాళ సాయంత్రం ప్రార్థన కూడిక మీ ఇంట్లోనే కదా… మా విన్నపం చెప్పకు.

…మానెయ్యమని కాదు. అలా చెప్పకు అంటున్నాను. "మా తమ్ముడికి కిడ్నీ త్వరగా దొరకాలి" అని నువ్వు మొదలెడతావు, అందరూ "త్వరగా ప్రభువా, త్వరగా" అంటారు. అందరికంటే నా గొంతే పైన ఉంటుంది. ఉపవాసాలు ఉండి మరీ అడిగాను. నెలాఖరు లోపల అని గడువు కూడా పెట్టాను దేవుడికి, కరెంటు బిల్లు వాడిలాగా…

నవ్వకు… నవ్వులే. నాకూ వచ్చింది నవ్వు. తర్వాత ఏడుపొచ్చింది.

ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అనుకోలేదు వదినా. త్వరగా అంటే ఏంటి? ఎవరో పొద్దున్నే టీ తాగి పనికెళ్ళాలి, వాళ్ళావిడ సబ్బు చేతుల్తో పరిగెత్తుకు రావాలి. అదేగా మనం త్వరగా కావాలన్నది?

…గుర్తుందా, ఆ మధ్య ఓసారి కిడ్నీ ఉందని ఆసుపత్రివాళ్ళు ఫోను చేసి రమ్మన్నారు, సంచి సర్దుకుని ఉరుకులు పరుగులతో వెళ్ళాం. తీరా వెళ్ళాక వరసలో ముందున్నాయనకి సరిపోయింది, మీరు వెళ్ళండి అన్నారు. వారం రోజులు దేవుడితో మాట్లాడలేదు నేను. అలిగాను. ఆ రోజు కూడా ఎవరో ఒకరు పోయే ఉంటారు కదా? ఎవరు, ఏమయ్యారు, ఒక్కసారైనా అడిగానా? మనకి రాలేదన్న బాధే తప్ప, వాళ్ళకి పోయిందన్న ధ్యాసే లేదు…

అది నాకూ తెలుసు. మనం అడిగామని ఆయన పడలేదు. దేవుడు అలాంటివాడు కాదు. అంత వెర్రిదాన్నేం కాదు నేను. కానీ ఇన్నాళ్ళూ దేవుడి దగ్గర నేను ఎలా నించున్నానో ఇవాళ నాకే కనపడింది. టిక్కెట్ల కిటికీ దగ్గర మోచేతుల్తో పొడిచేదాన్లా ఉన్నాను.

మీ తమ్ముడు అడగడు. ఎప్పుడైనా చూశావా?… అవును, కూడికలో ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తాడు ప్రార్థన. మోకాలి నొప్పులకి చేస్తాడు, పరీక్షలకి చేస్తాడు. తన దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపడు. నేను ఎంత యాగీ చేశాను! "నీకు విశ్వాసం లేదా, నీ ఒంటి కోసం నువ్వు అడుక్కోలేవా, అన్నీ నేనే అడగాలా" అని…

ఆ, నువ్వూ ఉన్నావు ఆ రోజు. నా వైపే మాట్లాడావు.

ఏమన్నాడో గుర్తుందా? నాకుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "నాకది వచ్చే రోజు ఇంకో ఇంట్లో ఏడుపు రోజు. ఆ రోజు ఎప్పుడో పెట్టడానికి నేనెవణ్ణి? దేవుణ్ణే పెట్టనీ. నేను కనిపెట్టుకుని ఉంటాను" అని.

నేను పిరికితనం అనుకున్నాను వదినా. ఓపిక చచ్చిపోయి వేదాంతం మాట్లాడుతున్నాడనుకున్నాను. కనిపెట్టుకుని ఉండడం, అలా ఎదురుచూస్తూ కూర్చోవడం అంటే నా లెక్కలో చేతకానివాళ్ళు చేసే పని. వారానికి మూడుసార్లు సూదులు పొడిపించుకుని వచ్చి ఆ మాట అన్నాడే, ఆ మనిషితోనా నేను విశ్వాసం గురించి వాదించింది!

…ఊఁ… ఊఁ…

రంగులాయనా? ఇంకా లోపలే ఉన్నాడు… తలకే, వేరే దెబ్బలేం లేవన్నారు… డాక్టరు ఆశ ఉందనలేదు, లేదనలేదు… ఆ, ఇద్దరు పిల్లలట… ఏంటి?

…వయసెందుకు నీకు?

…

వదినా. ఆయన వయసు ఎందుకడిగావు?

…ఊరికే కాదు. నీ గొంతు నాకు తెలీదా.

…

అయ్యో, ఏడవకు. నేను నిన్నేం అనలేదు. ఎలా అంటాను, ముందు అడిగినదాన్ని నేనే అయితే?… తెలుసు. ఎత్తుకుని పెంచినదానివి… తెలుసు వదినా, నీ కిడ్నీ తీసుకోమని డాక్టరు కాళ్ళా వేళ్ళా పడ్డావు, షుగరని వద్దన్నాడు. ఆ రోజు నువ్వు ముద్ద ముట్టలేదు, నాకు గుర్తుంది… ఇద్దరం ఒకే తానులో ముక్కలం, ఏం చేస్తాం చెప్పు. ముక్కు తుడుచుకో.

ఒక్క నిమిషం, ఆవిడ వస్తోంది…

— ఏమ్మా?… బయటికొచ్చారా?… ఏమన్నారు?… ఊఁ… ఊఁ… అలాగేనమ్మా… మా వదిన. ఆ, ప్రార్థనలు చేస్తుందన్నానే, ఆవిడే… చెప్తాను. తప్పకుండా చెప్తాను. నువ్వు అలా బల్ల మీద కూర్చో తల్లీ, ఇదిగో వచ్చేస్తున్నా. —

వదినా… ఆ, రంగులాయన భార్యే. డాక్టరు బయటికొచ్చాడట. తలలో గడ్డకట్టిన రక్తం తీశారట. ఈ రాత్రి గడిస్తే గానీ ఏం చెప్పలేమన్నాడట. "మీ దేవుణ్ణి అడుగు అక్కా, మీ వదినని కూడా అడగమను" అంటోంది.

కానివ్వు. నువ్వే మొదలెట్టు.

…ఎందుకు రాదు? కూడికలో మైకు ఇస్తే లాక్కోవాల్సిందే గానీ నువ్వు ఇచ్చేదానివా?

…

సరే. నాకూ నోరు రావట్లేదు. అయినా ఎవరో ఒకరు మొదలెట్టాలి. నేనంటాను, నువ్వు విను. తప్పులుంటే దేవుడే సర్దుకుంటాడు.

…

ప్రభువా…

ప్రభువా, నేను. పొద్దున అంబులెన్సులో గ్రూపు అడిగినదాన్ని. దాచడానికేముంది, నువ్వూ అక్కడే ఉన్నావు.

ఈయన్ని బతికించు. పూర్తిగా బతికించు, సగం సగం కాదు. తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికెళ్ళాలి. ఆయనవన్నీ ఆయన ఒంట్లోనే ఉండాలి… అన్నీ.

మా ఆయన సంగతి నీకు తెలుసు. నాకు ఆయన కావాలి. ఆయన లేకుండా బతకడం నాకు రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. కానీ త్వరగా, త్వరగా అన్నానే… ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎప్పుడో నువ్వే పెట్టు. ఆ రోజంటూ వస్తే ముందు ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చో, తర్వాతే మా దగ్గరికి రా. రాకపోతే…

రాకపోతే అలగనని చెప్పలేను. అలుగుతాను. అయినా నీ గుమ్మంలోనే ఉంటాం.

మాకు తొందర లేదు ప్రభువా.

…

వదినా, ఆమెన్ అను.

…

వినపడలేదు.

…తెలుసు. నీ తమ్ముడు. నాకు మొగుడు కాదా? ఆ చివరి మాట నాకు మాత్రం తేలిగ్గా వచ్చిందనుకున్నావా?

…

ఆవిడ బల్ల మీద కూర్చోలేదు వదినా. తలుపు దగ్గర నించుని నా పెదాల వంకే చూస్తోంది… ఒక్క మాట. నేను బలవంతం చేస్తే వచ్చేది కాదది. నీకు వచ్చినప్పుడే అను. ఉంటాను, పెట్టెయ్యను.

…

…

…ఆ.

ఆ, విన్నాను.

ఇద్దరం అడిగామని చెప్తాను ఆవిడకి. ఇప్పుడు చెప్పగలను… ఉంటాను వదినా.