పెర్త్ వరకే

ఆస్ట్రేలియాలోని నల్లర్‌బోర్ మైదానంలో, పెట్రోలు బంకు వెనక జాగాలోకి ఆయన కారుకి తగిలించిన ఇంటిబండిని, క్యారవాన్‌ను, వెనక్కి తెస్తున్నాడు. ఎప్పటిలాగే ఆమె వెనక నిలబడి చేతి రేడియోలో దారి చెబుతోంది.

"ఇంకొంచెం ఎడమకి. ఆగు. ఇందాక పక్క బండి లెస్లీతో మాట్లాడుతూ రేడియో బటన్ మీంచి వేలు తియ్యలేదు నువ్వు."

"ఏం విన్నావు?"

"పెర్త్‌లో ఈ క్యారవాన్ కొనడానికి మనిషి దొరికాడని. మతిమరుపు వాళ్ల ఆశ్రమంలో నాకు గది కూడా దొరికిందని."

"ఉండు, దిగొచ్చి చెబుతాను."

"అక్కడే కూర్చో. నీ మొహం చూస్తే నమ్మేస్తాను. పెర్త్ చూసి ఇదే దారిన ఇంటికెళ్దామన్నావు కదా?"

"నిన్న నీళ్లన్నీ ఇగిరిపోయి కెటిల్ మాడింది. మొన్న నన్ను మీ అన్నయ్య పేరుతో పిలిచావు."

"కెటిల్ మాడితే పెళ్లాన్ని దింపేసి పోతారా, ముసలాడా?"

"చాటుగా ఏమీ చెయ్యలేదు. సెడూనాలో, సముద్రం ఒడ్డున ఆయిస్టర్ గుల్లలు తింటూ అంతా చెప్పాను. నువ్వు ఏడ్చావు. సరేనన్నావు."

ఆమె తన లోపల సెడూనా కోసం వెతికింది. ఆయిస్టర్ల మీద పిండిన నిమ్మకాయ వాసన దొరికింది. ఏడుపు మాత్రం దొరకలేదు.

"నిజంగా చెప్పావా?"

"చెప్పాను."

"చెప్పకపోయినా ఇలాగే అనొచ్చు. నాకు తెలుసుకునే దారి లేదని నీకు తెలుసు. మన పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

రేడియోలో ఆయన గేరు మార్చిన చప్పుడు వినిపించింది.

"కుడివైపు ఇంకా ఎంత జాగా ఉంది?" అన్నాడాయన.

ఆమె రేడియో కట్టేసింది.