బంగారానికి తావి

సల్వాలో ఒక కువైటీ ఇల్లు. శుక్రవారం పొద్దున. వంటింట్లో ఆ ఇంటి డ్రైవరు గురప్ప, వంటమనిషి రెడ్డెమ్మ. ఇంటి యజమానురాలు, వీళ్లు ‘మామా’ అని పిలిచే ఆవిడ, ఇంకా నిద్ర లేవలేదు.

“ఒక్కసారి వాసన చూస్తే నీ సొమ్మేం పోతాది రెడ్డెమ్మా?”

“నేనేమన్నా కుక్కనా గురప్పన్నా? బియ్యం కడుగుతాండా. పో.”

“బియ్యం యాడికీ పోవులే గానీ, ఇంద ఈ గొలుసు. మా ఊరి ఆచారి ఎప్పుడో చెప్పినాడు. మేలిమి బంగారానికి వాసనుండదంట. రాగో ఇత్తడో అయితే, చెమట చేత్తో రుద్దినామంటే కంపు కొడతాదంట.”

“అయితే నువ్వే రుద్దు, నువ్వే చూడు. నీకు లేదా ముక్కు?”

“ముప్పై ఏండ్లు బీడీలు తాగిన ముక్కమ్మా ఇది. పెట్రోలు వాసన గూడా తెలీదు దీనికి. నీదట్ల కాదే! నువ్వొచ్చిన కొత్తలో గ్యాసు కారతాంటే మిద్దె మీద నుంచి కనిపెట్టినావు. మామా ఇప్పటికీ వచ్చినోళ్లకంతా చెప్తాది.”

“అది ఎప్పటి మాట! అంగడికి తీసకపో. మిషన్లో పెట్టి చెప్తారు.”

“బిల్లు లేదు. దొంగసొమ్మంటారు.”

“బిల్లు లేని బంగారమా? యాడిదన్నా ఇది?”

“అబ్బాసియాలో... ఒకాయప్ప. ఇఖామా గడువు అయిపోయిందంట, ఇంగ ఈ దేశంలో ఉండేకి లేదంట. టికెట్టు కొనేకి చేతిలో లెక్క లేదంట. పెండ్లాం గొలుసని ఏడ్చినాడు.”

“ఏడిస్తే కొన్నావా?”

“సగం ధరకిచ్చినాడు.”

“అట్ల చెప్పు!”

“నవ్వొద్దమ్మా. నేను ఈడికి రావాలంటే మా ఇంటామె మెడలోది తీసి అమ్మిచ్చింది. పన్నెండేండ్లాయె, ఇప్పటికీ ఒట్టి పసుపుతాడే. రేపు పోతాండా ఇంటికి. మెడలో వేసినాక నల్లబడిందనుకో, ఏం మొగం పెట్టుకోని చూడాల ఆమెను?”

“ఇట్లియ్యి.”

“బాగ రుద్దు.”

“ఆఁ, చూసినా. ఏం లేదు.”

“ఏం లేదంటే?”

“వాసన లేదు. పో ఇంగ.”

“లేదా? ఖలాస్! మేలిమే! నువ్వు సల్లగుండాల తల్లీ! ఉండు, ఇప్పుడే చెప్తా ఇంటామెకు.”

“ఉండన్నా.”

“మోగతాండాది...”

“పెట్టేయ్! ఫోను పెట్టేయన్నా. నేను సరిగ్గా చూళ్లేదు.”

“అదేంది?”

“ముక్కు కాడికే తేలేదు. ఊరికే చెప్పినా.”

“ఊరికే చెప్పేదేంది? నా బతుకుతో ఆటలా?”

“తప్పయిపోయింది. ఇంకోసారియ్యి. ఈసారి నిజంగా చూస్తా.”

“ఇంద. రుద్దు. ఇంకా గట్టిగా... ఏమ్మా?”

“ఉండు.”

“చెప్పు!”

“ఉండన్నా, ఉండు... తూ!”

“ఏంది? ఏంది?”

“తోమని రాగిచెంబు కంపు! చెయ్యంతా కంపే!”

“దేవుడా. మునిగిపోయినా.”

“ఆయప్ప రూము తెలుసునా నీకు?”

“తెలుసు. మా ఊరి రఫీ ఉండాడే, వాళ్ల రూము కిందనే.”

“అయితే యల్లా, రఫీని తోడు పెట్టుకోని పో. నీ లెక్క కక్కించుకో. టికెట్టు కొనకముందే పట్టుకోవాల.”

“పోతా. గొలుసు ఇటు దే.”

“ఉండు, ఇంకొక్కసారి. అబ్బ, ఏం కంపన్నా ఇది!”

“చాల్లే, తెలిసింది గదా! దే ఇటు.”

“ఒక్క నిమిషమన్నా. ఒక్క నిమిషం.”

“నేను మునిగిపోతే నువ్వు నవ్వుతాండావా? రెడ్డెమ్మా! ఏయ్... ఏందమ్మా, ఏడుస్తాండావా?”

“కరోనా వచ్చి పోయినప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీదు గురప్పన్నా, మామా పని తీసేస్తాదని ఎవరికీ చెప్పలేదు... ఇన్నేండ్లకు తగిలిన మొదటి వాసన ఇదే.”