వంకర ముక్కు హంస

ధర్మవరం, 2004, ఎండ మండుతున్న ఒక మధ్యాహ్నం. పట్టుచీరల మగ్గాలు ఆడించే చెన్నప్ప ఇంట్లో, హిందూపురం నుంచి పిలిపించిన మెకానిక్ జావీద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆనుకొని ఉన్న రంగుల గది తలుపు మూసి ఉంది.

"మళ్లీ అదే రాత! చూడప్పా జావీదూ, 'లో వర్చువల్ మెమరీ' అంటాండాది. ఎత్తి నేలకు కొట్టల్ల అనిపిస్తాది."

"ఇప్పటికే కొట్టినట్లుండారే చెన్నప్పన్నా. కీబోర్డులో నాలుగు మీటలు ల్యావు."

"దాన్ని కొట్టల్యా. దాంతో కొట్టినా."

"దాంతోనా? ఎవర్ని?"

"నీ పని నువ్వు చెయ్యి."

"ఈ మరకలు..."

"తుడుచుకోని చెయ్యి."

"తిరుపాల్ యాడన్నా? డిజైన్లు గీసేది ఆయప్పే గదా. ఏమేమి తెరిచినాడో అడగల్ల."

"రంగుల గదిలో ఉండాడు."

"ఒగసారి పిలవండి."

"రాలేడు. కాళ్లు కట్టేసినా."

"అన్నా! మీ మేనల్లుడు గదన్నా!"

"అందుకే ఇంకా ఊపిరుండాది. నా హంస బార్డరును పెనుకొండకు అమ్మినాడప్పా వాడు. మొన్న పెండ్లిలో చూసినా, పెనుకొండ ఆడమనిషి ఒగామె ఆ చీరే కట్టుకోనుండాది. మా నాయన చేత్తో గీసిన హంస! ఈ డబ్బాలో తప్ప యాడా లేదు. ఈ డబ్బా ముట్టేది వాడొక్కడే."

"ఒప్పుకున్యాడా?"

"యాడ ఒప్పుకుంటాడు! మగ్గం కడ్డీతో కుడిచేతి వేళ్లు మూడు ఇరగ్గొడితే గుడ, 'నేను కాదు మామా, నేను కాదు మామా' అంటాడే గానీ..."

"మూడు వేళ్లా? గీసే చెయ్యి గదన్నా అది!"

"నిన్ను పిలిపిచ్చింది ఎందుకనుకుంటివి? ఆ హంసను తెరిచి వాని కండ్ల ముందర పెట్టి అడుగుతా. అప్పుడు గుడ కాదంటే ఎడమచెయ్యి. మా మగ్గం మనిషి గంగన్న కడ్డీ పట్టుకోని లోపల వాని పక్కనే ఉండాడు."

"అట్లయితే... టైం పడ్తాదన్నా."

"ఎంత?"

"పొద్దు గుంకేదాకా."

"పోయిన నెల ఇదే రోగమొస్తే నీ అంగడికి మోసుకొస్తి. రెండు దినాలు పెట్టుకోని, అంతా తుడిచి కొత్తగా ఇస్తివి. మళ్లీ ఎందుకొచ్చె?"

"ర్యామ్ చిన్నదన్నా దీనికి. మగ్గం కాడ పట్టని నూలు మీరు అటక మీద పెడతారు గదా, అట్ల ఇది పట్టని పనిని సి డ్రైవులో పెట్టుకుంటాది. ఆ అటక నిండిపోయింది. పాత డిజైన్లు కొన్ని తీసేస్తే..."

"తీసేసేదా! మా తాత కొట్టిచ్చిన డిజైను అట్టలు గుడ ఇంట్లో పెట్టుకోనుండాము. బార్డరు పారేస్తే మనిషిని పారేసినట్ల మాకు. తిరుపాల్ గుడ ఇదే మాటంటే చెంప పగలగొడ్తి."

"సరే, సరే. ఏమీ తీయను. డి డ్రైవు ఖాళీగా ఉండాది, అటకను ఆడికి మారుస్తా. మొదటి సైజు నూటతొంభైరెండు ఎంబీ... పెద్దది మూడునూర్ల ఎనభైనాలుగు... అన్నా, ఎవరో అరుస్తాండారు!"

"ఒరే గంగన్నా! నేను చెప్పేదాకా ముట్టొద్దంటి గదరా! నువ్వు కానీప్పా, కానీ."

"గంగన్నను బయటికి రమ్మనండన్నా."

"నీకెందుకప్పా అది? నిన్ను ఎవరేమన్యారు?"

"రీస్టార్ట్ చేస్తాండా."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఆ రాత?"

"రాల్యా."

"అయితే హంసను తెరువు."

"ఇదేనా?"

"ఇదే. పెనుకొండ చీరలో గుడ అచ్చం ఇదే. ముక్కు వంకరతో సహా దించినారు దొంగనాయాళ్లు."

"వంకరా? ఈడ వంకర లేదే. తిన్నగా ఉండాది."

"ముందు ఉండె. ఒక పోగు పక్కకు పడి వంకరపోయిండె. డబ్బా నీ అంగడినుంచి వచ్చిన మర్నాడే తిరుపాల్ దిద్దె."

"పెనుకొండ చీరలో ముక్కు వంకరేనా? బాగా చూసినారా?"

"చీర కొంగు పట్టుకోని చూసినా. వంకరే."

"అయితే దిద్దకముందుదే పోయిందన్నా."

"దిద్దకముందే అమ్మింటాడు! అంతే గదా! లే, తిరుపాల్‌ను ఈడ్చుకోని రమ్మంటా. గంగన్నా..."

"ఉండన్నా! ఒక్క నిమిషం ఉండు. ఆ పొద్దు దీన్ని తుడిచే ముందర, మీ డిజైన్లన్నీ నా అంగట్లో కంప్యూటర్లోకి ఎక్కించుకుంటి. ల్యాకుంటే అన్నీ పోతాయి."

"అయితే?"

"మళ్లీ మీ దాంట్లో వేసిస్తి. నా దాంట్లోవి తీయల్యా."

"అయితే ఏమి?"

"పెనుకొండలో మగ్గాలాడించే మసూద్ అంగడికొచ్చి, బార్డర్లు ఏమన్నా ఉంటే చూపియ్యి అనె. సినిమా పాటలు ఎక్కించిచ్చినట్ల సీడీలో ఎక్కించిస్తి. అల్లా తోడన్నా, అమ్మల్యా, ఊరకనే ఇస్తి. నేను మగ్గమెరిగినోన్ని కాదు. బార్డరుకు ఒక ఇల్లుంటాదని నాకు తెల్దు."

"గంగన్నా! కడ్డీ ఈడికి తీసుకురా."

"తెమ్మనండి. తిరుపాల్ కట్లు విప్పి తెమ్మనండి. నా కుడిచెయ్యి ఈ కీబోర్డు మీదనే పెట్టుండా."