అనాథ మందు

స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఇంటి వసారాలో కూర్చుని అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. హన్మకొండలో మందుల దుకాణం నడిపే తమ్ముడు బస్సు దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"అక్కా, డాక్టర్ సారు ఫోన్ జేసిండు. మనం ఎదురుచూసే మందుకు సర్కారు ఆర్ఫన్ హోదా ఇచ్చిందట."

"అంటే ఏంది?"

"అనాథ మందన్నట్టు. కండలు కరిగే ఈ రోగం కొద్దిమందికే ఉంటది. అమ్ముడువోదని ఏ కంపెనీ పట్టించుకోదు. ఇప్పుడు సర్కారే దారి ఇడిసింది, మందు జల్ది వస్తదట."

"మంచిదే."

"గంతేనా అక్కా?"

"ఇంకేమనాలె తమ్మీ? నా కొడుకు మణిదీప్ పానం పోయేదాక ఆ మందు కోసమే చూసిండు."

"వానికి అందలే. నీ బిడ్డ సంహితకన్నా అందుతది. దానికి సుత అదే రోగమాయె."

"అదింక మంచిగనే నడుస్తాంది."

"నడుస్తున్నప్పుడే మొదలువెట్టాలంటాండు సారు. మందు వచ్చేలోపు రక్తపరీక్షలు చేస్తడట, సోమవారం తీస్కరమ్మన్నడు."

"దవాఖాన అంటే నాకిప్పుడు ఏడుపు గూడ వస్తలేదు. ఒళ్లంత మొద్దువారినట్టుంది. ఇది బతికితే వాణ్ని మర్చిపోతనేమో అనిపిస్తాంది."

"అట్లెట్ల మర్చిపోతవక్కా?"

"మర్చిపోనని నాకూ ఎరుకే. అయినా గట్లనే అనిపిస్తాంది."

"నువ్వు రాలేకుంటే నేనే తీస్కపోత."

"వద్దు. సూదంటే దానికి భయం. నా ఒళ్లె కూసుంటేనే చెయ్యి ఇస్తది."

చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి ఆమే అడిగింది.

"సోమవారం పొద్దుగాల ఏ బండికి పోవాలె?"