పాయనం పట్టని కత్తులు

పెద్దలారా! కత్తులవీధి అన్నదమ్ములారా! తెర అవతల కూర్చున్న అక్కచెల్లెళ్ళారా! మీ అందరికీ సలాం.

ఈ చాయ్‌ఖానాలో మనం పెళ్ళి పులావులు తిన్నాం, పందేలు కాశాం, ఒకరినొకరం వెక్కిరించుకున్నాం. ఇవాళ ఎవరి పియాలాలోనూ చాయ్ తగ్గడం లేదు. మన కత్తుల గురువు ఎర్గష్ ఉస్తాకి మట్టి ఇచ్చి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఆయన ఎప్పుడూ కూర్చునే ఆ మూల ఖాళీగా ఉంది, చూశారా? ఎవరూ వద్దనలేదు. అయినా ఎవరూ అక్కడ కూర్చోలేదు.

నేను గుర్రపు జీన్లు కుట్టేవాణ్ణి. మదరసా గడప తొక్కినవాణ్ణి కాను. తోలు పని ఆపినప్పుడల్లా చేతులు కడుక్కుని, దివ్యగ్రంథాన్ని కూడబలుక్కుంటూ చదువుకున్నవాణ్ణి. పోయినవారి మంచిని చెప్పుకోమన్నారు. చెబుతాను. కానీ ఉస్తా మంచిలోనే ఒక ముల్లు ఉంది. దాన్ని తియ్యకుండా లేచిపోతే అది ఈ వీధి కాల్లోనే ఉండిపోతుంది.

ఆయన మంచి ఏమిటి? ముద్ర! నెలవంక ముద్ర ఉన్న కత్తి అంటే బుఖారా కసాయి కూడా మారుమాట్లాడేవాడు కాదు. ఆ ముద్రకు ఒక్కసారి మచ్చ పడింది. తెల్లగడ్డాల వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పడుచుతనంలో ఒక పెళ్ళికి వెళ్తూ ఉస్తా పాయనం పని పినతండ్రి కొడుక్కి అప్పగించి వెళ్ళాడు. పాయనం అంటే ఆట కాదు కదా! నిప్పులో ఎర్రబడిన కత్తిని సరైన రంగు దగ్గర పట్టి నీళ్ళలో ముంచాలి. తొందరపడితే మెత్తగా మిగిలి వంగుతుంది. ఆలస్యమైతే పెళుసెక్కి విరుగుతుంది. ఆ కత్తుల్లో ఒకటి కసాయి జూరా చేతిలో విరిగింది. అరచెయ్యి తెగింది. జూరా కేకలు వెయ్యలేదు. కట్టు కట్టిన చేత్తో వచ్చి, ముక్కల్ని ఉస్తా గడప మీద పెట్టి, "పేరు నీదే కదా, ఉస్తా" అని వెళ్ళిపోయాడు.

అంతే. ఆ మాట ఆయన చెవిలో గూడు కట్టుకుంది. శిష్యుల్ని సమ్మెట కొట్టనిచ్చాడు. పిడి బిగించనిచ్చాడు. సాన పట్టనిచ్చాడు. నీటి తొట్టి దగ్గరికి మాత్రం ఇంకో చెయ్యి రానివ్వలేదు.

అహంకారమా అది? కాదు అన్నలారా, భయం! మన దుకాణాలన్నీ పెరగక ఒక్క కొలిమి దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయనుకున్నారు? పని లేకనా? గిరాకీ లేకనా? మన ముద్ర ఇంకొకరి చేతిలో విరుగుతుందన్న భయం! రొట్టెల హలీమా అక్క... నవ్వకు అక్కా, నిన్నే... సొంత కూతురి పెళ్ళిలో మధ్యలో లేచి వెళ్ళి, కొట్లో పిండి నొక్కి చూసొచ్చింది. దర్జీ ముమిన్ కత్తెరను నడుముకి కట్టుకుని నమాజుకు వస్తాడు. మరి నేను? నా సూదిని నా తమ్ముడు ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందరం ఉస్తా చుట్టాలమే.

కోకంద్ వర్తకుడు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. "ఇంకో రెండు కొలుములు పెట్టించు ఉస్తా, ఎంత సరుకైనా ఎత్తుకుపోతా" అన్నాడు. ఉస్తా నవ్వి, "కొలుములు సరే, నాకింకో రెండు చేతులు ఎక్కడ కుట్టిస్తావయ్యా?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆయన శిష్యుడు సాబిత్ నవ్వలేదు. ఆ రెండు చేతులూ పక్కనే ఉన్నాయి. తనవే.

సాబిత్ మీసం మొలవకముందు ఆ కొలిమిలో చేరాడు. ఇవాళ గడ్డం నెరిసింది. మన కట్టుబాటు మీకు తెలుసు. ఉస్తా అరచేతులెత్తి ఫాతిహా ప్రార్థన చదివి, నడుముకు గుడ్డ కట్టేదాకా శిష్యుడు శిష్యుడే. కట్టకముందు తొట్టి ముట్టుకున్న చేతికి బరకత్ ఉండదు, దీవెన తగలదు అంటాం. ప్రతి నవ్‌రోజ్ పండక్కీ ఉస్తా భార్య ఓయ్‌దిన్ అక్క ఆ గుడ్డ ఉతికి ఆరేసేది. ప్రతి నవ్‌రోజ్‌కీ ఉస్తా, "తొందరేమిట్రా, నేనెక్కడికి పోతాను? వచ్చే వసంతానికి చూద్దాంలే" అనేవాడు. మిగతా శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకడు టాక్సీ తోలుతున్నాడు. ఒకడు రష్యాలో గోడలు కడుతున్నాడు. "ఇంకా నీళ్ళే మోస్తున్నావట్రా?" అని ఫోన్లో ఎగతాళి చేసేవాళ్ళు. "నీళ్ళకు దగ్గర్లోనే ఉన్నాగా" అనేవాడు సాబిత్.

వినండి! దైవంతో నేరుగా మాట్లాడిన మూసా ప్రవక్త ఏమడిగాడు? ప్రభూ, నా వాళ్ళలోంచి నాకొక తోడునివ్వు, నా అన్న హారూన్‌తో నా నడుం గట్టిపరచు, నా పనిలో అతనికి భాగమివ్వు అని అడిగాడు! కర్రతో సముద్రాన్ని చీల్చిన ప్రవక్తకు తోడు కావలసి వచ్చింది. సమ్మెట పట్టిన మనకు అక్కర్లేదా? అమానత్‌ను, అంటే నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తును, దాని హక్కుదారుకు అప్పగించండని ఆజ్ఞ. ఇల్లూ పొలమూ మాత్రమేనా అమానత్? చేతిలోని విద్య కాదా?

ఈ చలికాలం ఉస్తాకి రొమ్ము పట్టేసింది. లేవలేక, మంచాన్నే కొలిమి దగ్గరికి మోయించుకున్నాడు. పట్టకారు పట్టిన చెయ్యి వణికింది. కత్తి నీళ్ళలోనే టప్పున పగిలింది. ఇంకొకటి. ఇంకొకటి. ఉస్తా సాబిత్ వైపు చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు. ఇదిగో, నువ్వు ముంచరా అని ఇప్పుడు చెబుతాడనుకున్నాం.

"నిప్పు సరిగ్గా లేదు" అన్నాడు.

కొలిమి దగ్గర ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఇప్పుడు చెప్పండి, ఉస్తా పోయిన దగ్గర్నుంచి పొద్దున్నే మీకు ఏం వినబడుతోంది? సమ్మెట దెబ్బ వినబడుతోంది. ఆ తర్వాత రావలసిన సుయ్‌మనే నీళ్ళ చప్పుడు వినబడుతోందా? లేదు! నేను వెళ్ళి చూశాను. సాబిత్ చాయ్ పోసి ఉస్తా పీట ముందు పెడతాడు. కత్తిని ఎర్రగా కాలుస్తాడు. సరైన రంగు వస్తుంది. అది అతనికి తెలుసు. అప్పుడు ఖాళీ పీట వైపు తిరిగి చూస్తాడు. ఊ అనేవాళ్ళు లేరు. కత్తి అలాగే నల్లబడి చల్లారిపోతుంది. అలాంటివి గోడకు వరసగా వేలాడుతున్నాయి. వేలితో నొక్కితే వంగుతున్నాయి. నాకు ఆ గదిలో నిలబడబుద్ధి కాలేదు.

సులైమాన్ ప్రవక్త చేతికర్రకు ఆనుకుని నిలబడే ప్రాణం విడిచాడు. ఆయన చూస్తున్నాడనుకుని, ఆయన ఆజ్ఞకు లోబడిన జిన్నులు బరువులు మోస్తూనే ఉన్నాయి. చెదపురుగు కర్రను తినేశాక, దేహం నేల కూలాక గానీ వాటికి తెలియలేదు! మన వీధిలో చనిపోయిన మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ కర్రను తియ్యడానికి మనం చెదపురుగుల కోసం కాచుకుని కూర్చోవాలా?

ఈ ఉదయం ఓయ్‌దిన్ అక్క నడుంగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయన ఎవరికీ కట్టలేదు, ఇక పెట్టెలో కుళ్ళనివ్వను. మీరు కట్టండి, చేతకాకపోతే ఆ కొలిమి గుంజకు కట్టండి" అంది. ఉస్తా లేనిచోట వీధి పెద్దలే ఉస్తా. ఇదిగో గుడ్డ. సాబిత్ తమ్ముడూ, ఇలా రా. తల వంచకు. కట్టనీ.

పట్నపు సభల్లో లేచి నిలబడి మౌనం పాటిస్తారు. మన పద్ధతిలో అరచేతులు తెరుస్తాం. ఇవాళ రెండూ చేద్దాం. తమ్ముడూ, నువ్వు వీధి దాటి కొలిమి దగ్గరికి వెళ్ళు. పొద్దున రాజేసిన నిప్పు ఇంకా ఆరలేదు. పీట వైపు చూడకు, రంగు చూడు. నీళ్ళ చప్పుడు మా చెవిన పడేదాకా మేం ఇక్కడే నిలబడి ఉంటాం. విన్నాక ఆమీన్ అని ముఖాలు తడుముకుంటాం.

కత్తి విరిగిందా? ఆ ముక్కల్ని తెచ్చి ఈ చాయ్‌ఖానా గడప మీద పెట్టు. పేరు మా అందరిదీ.

లేవండి. ఎవరూ మాట్లాడకండి.